న్యూ ఆర్లీన్స్‌లో అమ్మానాన్నలతో మూడు రోజులు: ఎక్కడ తినాలి, ఏం అడిగి తినాలి

మే రెండో వారంలో అమ్మానాన్నల్ని తీసుకుని న్యూ ఆర్లీన్స్ వెళ్తున్నామని రాశారు. నాన్నగారు శాకాహారి, కేకులోనో మయొనైజ్‌లోనో గుడ్డు ఉంటే పట్టించుకోరు. మిగతా ముగ్గురూ చికెన్, చేప, రొయ్యలు తింటారు, బీఫ్, పోర్క్ వద్దు. మూడు రోజుల్లో ఎక్కడ తింటే ఊరి రుచి తెలుస్తుందని మీ ప్రశ్న. నేను ఆ ఊరిని ఆనుకునే ఉన్న మెటరీలో తొమ్మిదేళ్లు కాపురం ఉన్నాను. ఇండియా నుంచి వచ్చిన చుట్టాల్ని, స్నేహితుల అమ్మానాన్నల్ని ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక మాట. పేరున్న హోటళ్ల పట్టిక ఒకటి రాసుకుని, అక్కడికి వెళ్లాక నాన్నగారికి ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకోకండి. ఈ ఊళ్లో అలా కుదరదు. ముందు నాన్నగారి కంచం ఖాయం చేసుకోండి, మిగతావాళ్లవి దాని చుట్టూ సర్దుకుంటాయి. ఇది నేను ఒక చేదు అనుభవంతో నేర్చుకున్నాను.

మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు, పేరు అనవసరం, ఊళ్లోవాళ్లు బాగా మెచ్చుకునే ఒక చోటికి తీసుకెళ్లాను. సోమవారం. ఆ ఊళ్లో సోమవారం అంటే రెడ్ బీన్స్ అన్నం. పాతకాలంలో సోమవారం బట్టలుతికే రోజు. ఆడవాళ్లకి పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఉండేది కాదు. అందుకని పొద్దున్నే గింజలు పొయ్యి మీద పడేస్తే సాయంత్రానికి వాటంతటవే ఉడికేవి. ఇప్పటికీ సోమవారం సగం ఊరు అదే తింటుంది. ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది ఆ ఊరే. ఉత్తరాల చివర సంతకానికి ముందు 'రెడ్ బీన్స్ అండ్ రైస్లీ యువర్స్' అని రాసేవాడు. ఈ కథంతా నాన్నకి చెప్పి, మన రాజ్మా అన్నం లాంటిదే నాన్నా అని ఆర్డర్ చేశాను. ఎర్రగా, చిక్కగా, పైన ఉల్లికాడలు చల్లి తెచ్చారు. నాన్న ఇష్టంగా కలుపుకున్నారు. సగం తిన్నాక చెంచాలో గులాబీ రంగు పీచు ఒకటి కనబడింది. ఇదేమిటి అని నాకు చూపించారు. అది హామ్. ఆదివారం వండిన పంది తొడ ఎముక సోమవారం గింజల్లో వెయ్యడమే ఆ వంటకి ప్రాణం అని నాకు అప్పుడే తెలిసింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. లేచి చేతులు కడుక్కొచ్చి కూర్చున్నారు. ఆ రాత్రి భోజనం వద్దన్నారు. ఆ తప్పు పూర్తిగా నాదే, నేను అడగలేదు.

అందుకే అడిగే పద్ధతి చెబుతున్నాను. ఇది వెజిటేరియనా అని అడిగితే చాలదు. అక్కడ చాలామందికి మాంసం అంటే ముక్కలే. రుచికి వేసిన ఎముక, కొవ్వు, స్టాక్ వాళ్ల లెక్కలోకి రావు. కాబట్టి విడివిడిగా అడగండి: గింజల్లో హామ్ వేశారా, సాసేజ్ వేశారా, ఆకుకూరలో బేకన్ ఉందా, సూపుకి ఏ స్టాక్ వాడారు, గ్రేవీ దేనిది, ఫ్రైలు వేయించే నూనెలోనే రొయ్యలు కూడా వేయిస్తారా. విసుక్కోరు. చాలా మర్యాదస్తులు, లోపలికెళ్లి వంటవాళ్లని కనుక్కుని మరీ వచ్చి చెబుతారు. బీన్స్, కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూర, గంబో అనే పులుసు, గ్రేవీ, ఈ నాలుగూ అడగకుండా నాన్నగారి ముందు పెట్టకండి.

ఇక తిండి సంగతి. మొదటి రోజు పొద్దున్న నాన్నగారికి కాఫీతో మొదలుపెట్టండి. ఈ ఊరి కాఫీలో మనలాగే చికోరీ ఉంటుంది. ఫ్రెంచివాళ్లకి ఉన్న అలవాటే, అంతర్యుద్ధం రోజుల్లో రేవు దిగ్బంధంలో కాఫీ గింజలకి కరువొచ్చి ఇంకా గట్టిపడింది. యుద్ధం పోయినా రుచి పోలేదు. సగం డికాషన్, సగం వేడి పాలు. అమెరికాలో ఎక్కడ కాఫీ తాగినా నీళ్లలా ఉందనే మన పెద్దవాళ్లు ఇక్కడ మొదటి గుక్కకే తలెత్తి చూస్తారు. చక్కెర మాత్రం విడిగా కలుపుకోవాలి.

దీనికి కెఫే డు మాండ్ ఉంది, 1862 నుంచి. ఫ్రెంచ్ క్వార్టర్‌లో జాక్సన్ స్క్వేర్‌కి ఎదురుగా. అక్కడ కాఫీతో బేన్యేలు తినాలి. చదరంగా కోసి నూనెలో పొంగించిన మైదా ముక్కలు, మూడు ఒక ప్లేటు, పైన పంచదార పొడి గుట్టగా పోస్తారు. లోపల బోలుగా, వేడిగా ఉంటాయి. నోటి దగ్గర పెట్టుకున్నప్పుడు ఊపిరి పీల్చకండి, పొడి గొంతులోకి వెళ్లి దగ్గొస్తుంది. ముదురు రంగు బట్టలు వేసుకోవద్దని అమ్మగారికి ముందే చెప్పండి. తొమ్మిది దాటితే క్యూ చాలా పొడుగు. పెద్దవాళ్లు అంతసేపు నిలబడలేరనుకుంటే ఇదే కెఫే సిటీ పార్క్‌లో కూడా ఉంది. అక్కడ కారు పెట్టుకోవడం తేలిక, తిన్నాక ఓక్ చెట్ల కింద నడవొచ్చు. మా నాన్నకి అసలు చోటు కంటే అదే నచ్చింది.

గంబో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆ ఊరంతా ఆ గిన్నెలోనే ఉంది. నూనెలో మైదా వేసి, మాడకుండా కలుపుతూ, ముదురు బెల్లం రంగు దాటి దాదాపు చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయిస్తారు. దాన్ని రూ అంటారు. అందులో ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం. ఈ మూడూ లేకుండా అక్కడ ఏ కూరా మొదలవదు. తర్వాత స్టాక్ పోసి, బెండకాయ వేసి ఉడికిస్తారు, అన్నం మీద పోసి తింటారు. గంబో అనే మాటే ఆఫ్రికా భాషల్లో బెండకాయకి ఉన్న పేరు నుంచి వచ్చింది. బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటే బెండకాయ ఆ నేలకి చేరింది. చిక్కదనానికి కొందరు బెండకాయ బదులు సాసాఫ్రాస్ ఆకుల పొడి వేస్తారు. అది అక్కడి ఆదివాసులు చోక్టా వాళ్లు నేర్పింది. రూ ఫ్రెంచివాళ్లది. మన పులుసులో పులుపు తీసేసి, అడుగున వేయించిన పిండి వాసన పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. బెండకాయ జిగురు అలవాటైన మనకి మొదటి ముద్దకే దగ్గరగా అనిపిస్తుంది.

మీకు ఇబ్బంది ఆండూయి అనే పంది సాసేజ్‌తో. చికెన్ గంబో అంటే దాదాపు ఎప్పుడూ అది ఉంటుంది. కాబట్టి రొయ్య, పీత, బెండకాయ వేసిన సీఫుడ్ గంబో అడగండి, అందులోనూ సాసేజ్ లేదని ఖాయం చేసుకోండి. ఫ్రెంచ్ క్వార్టర్‌లో సెయింట్ పీటర్ వీధిలో గంబో షాప్ అని ఉంది, సీఫుడ్ ఓక్రా గంబో అని విడిగా దొరుకుతుంది. యాత్రికుల హోటల్ అని కొందరు చిన్నచూపు చూస్తారు కానీ మొదటిసారి తినేవాళ్లకి నేను ధైర్యంగా చెబుతాను. మాంసం లేకుండా ఆకుకూరలతో చేసే గంబో కూడా ఒకటుంది. అది ఉన్న రోజే వెళ్లేలా ఫోన్ చేసి కనుక్కుంటే నాన్నగారు కూడా గంబో తిన్నట్టవుతుంది.

జంబలాయా మాత్రం వదిలేయండి. మన పులావ్ లాంటిదే, కానీ సాసేజ్ లేని జంబలాయా కోసం వెతకడం కంటే ఎటుఫే తినడం మేలు. రొయ్యలనో, క్రాఫిష్ అనే మంచినీటి రొయ్యల్లాంటివాటినో వెన్నలో, ఆ మూడు కూరగాయల్తో మగ్గించి అన్నం మీద వేస్తారు. మామూలుగా ఇందులో సాసేజ్ పడదు, అయినా స్టాక్ సంగతి అడగండి. మన రొయ్యల ఇగురుకి కారం తగ్గించి వెన్న పెంచినట్టు ఉంటుంది.

ఒక మధ్యాహ్నం తప్పకుండా ట్రెమే అనే పేటలో డూకీ చేస్ హోటల్‌కి వెళ్లండి. 1941లో మొదలైంది. ఆ ఇంటి కోడలుగా వచ్చిన లియా చేస్ దాన్ని తెల్లటి మేజాగుడ్డలు పరిచిన పెద్ద హోటల్ చేశారు. నల్లవాళ్లకి అలాంటి చోట కూర్చుని తినే గౌరవం దొరకని రోజులవి. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం చట్టరీత్యా తప్పైన కాలంలో పౌరహక్కుల నాయకులు ఆ మేడ మీద గదిలో కూర్చుని, ఆవిడ గంబో తింటూ, ఏం చెయ్యాలో ఆలోచించుకునేవారు. 96 ఏళ్ల వయసులో 2019లో చనిపోయేవరకు ఆవిడ ఆ వంటింటిని వదల్లేదు. గోడల నిండా నల్లజాతి చిత్రకారుల బొమ్మలు ఉంటాయి, తినడం అయ్యాక అడిగి నిదానంగా చూడండి. మీకు అక్కడి గంబో కుదరదు, అందులో మాంసాలు చాలా ఉంటాయి. ఫ్రైడ్ చికెన్ తినండి, వెల్లుల్లి, బంగాళదుంప, పుట్టగొడుగులతో చేసే ష్రింప్ క్లెమెన్సో తినండి. నాన్నగారికి కూరలు ఏవి హామ్ లేకుండా ఉన్నాయో రిజర్వేషన్ చేసేటప్పుడే చెప్పి ఉంచండి. ఆ రోజు ఆయనకి పక్క వంటకాలే దొరకొచ్చు, కాబట్టి ఆయన కడుపు నిండే భోజనం అదే రోజు రాత్రికి పెట్టుకోండి.

ఆ రాత్రి భోజనానికి రెండు చోట్లు చెబుతాను, రెండూ మ్యాగజీన్ వీధిలోనే. ఒకటి సబా, ఇజ్రాయెల్ వంట. కట్టెల పొయ్యిలో అప్పటికప్పుడు కాల్చి, పొంగిన రొట్టె తెచ్చి హమ్మస్ అనే శనగల ముద్ద పక్కన పెడతారు. వంకాయ, క్యారట్, క్యాబేజీలతో చిన్న చిన్న ప్లేట్లు. శాకాహారి అక్కడ ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. రెండోది సాఫ్రాన్, ఒక పంజాబీ కుటుంబం నడిపేది. న్యూ ఆర్లీన్స్ వెళ్లి ఇండియన్ తిండా అనుకోవద్దు. ఆ కుటుంబం దశాబ్దాలుగా ఆ ఊళ్లో ఉంది, వాళ్ల సీఫుడ్ గంబోలో మన మసాలాలు పడతాయి. మీకు ఊరి రుచి, నాన్నగారికి పప్పు, కూర, అన్నం, అందరూ ఒకే బల్ల మీద. మూడు రోజుల్లో ఆయన ముఖంలో నిశ్చింత కనబడే రాత్రి అదే అవుతుంది. రెండింటికీ ముందే బుక్ చేసుకోండి.

మధ్యాహ్నం సాండ్‌విచ్ చాలనుకున్న రోజు నాన్నగారి కోసం టర్కీ అండ్ ద వోల్ఫ్‌కి వెళ్లండి. కాలర్డ్ గ్రీన్ మెల్ట్ అని మాంసం లేని సాండ్‌విచ్ ఒకటి చేస్తారు. బాగా ఉడికించిన ఆకుకూర, కరిగిన చీజ్, కారంగా ఒక సాస్, మధ్యలో క్యాబేజీ, కాల్చిన రై బ్రెడ్. దక్షిణాది ఆకుకూరని పంది మాంసం లేకుండా అంత రుచిగా నేను ఇంకెక్కడా తినలేదు. మా నాన్న ఒకటి తిని, రెండోది సగం పొట్లం కట్టించుకున్నారు.

మీరు ముగ్గురూ మాత్రం పోబాయ్ తినకుండా రాకండి. పొడవాటి ఫ్రెంచి రొట్టెని చీల్చి వేయించిన రొయ్యలో చేపో కుక్కి ఇస్తారు. 1929లో ట్రామ్ కార్మికుల సమ్మె జరిగింది. అంతకుముందు ట్రామ్‌లో పనిచేసి తర్వాత హోటల్ పెట్టుకున్న మార్టిన్ సోదరులు సమ్మెలో ఉన్నవాళ్లకి ఉచితంగా సాండ్‌విచ్‌లు పెట్టారు. అదిగో ఇంకో పాపం పేదవాడు వచ్చాడు అని లోపలికి కేక వేసేవారట, ఆ పూర్ బాయే పోబాయ్ అయిందని ఊళ్లో చెబుతారు. పార్క్‌వేలో తినండి, 1911 నుంచి ఉంది, బయ్యూ సెయింట్ జాన్ అనే నీటి కాలువకి దగ్గర. డ్రెస్‌డ్ కావాలా అని అడుగుతారు. అంటే లెట్యూస్, టమాటా, పచ్చడి దోసకాయ, మయొనైజ్ వెయ్యాలా అని. అవునని చెప్పండి. రొట్టె పైపొర కొరికితే పెళపెళలాడి బల్లంతా పొట్టు రాలాలి, లోపల దూదిలా ఉండాలి. బంగాళదుంప పోబాయ్ అని చూసి నాన్నగారికి తెప్పించకండి, దాని మీద పోసేది బీఫ్ గ్రేవీ.

భీమవరం వైపు వాళ్లమని రాశారు కదా, మీ అమ్మగారి కోసం రెండు. మొదటిది క్రాఫిష్. లూసియానాలో వరి కోసిన మళ్లలోనే నీళ్లు పెట్టి వీటిని పెంచుతారు. వరి ఒక పంట, క్రాఫిష్ ఒక పంట. చేలూ చెరువులూ చూసిన మనిషికి ఆ మాట చెబితే చాలు, మిగతాది ఆవిడే మీకు చెబుతుంది. మార్చి నుంచి మే వరకు మంచి సీజన్. కారం, నిమ్మ, వెల్లుల్లి వేసి మొక్కజొన్న, బంగాళదుంపలతో ఉడకబెట్టి ట్రేలో గుమ్మరిస్తారు. పౌండ్ లెక్క, తినగలిగేవాళ్లకి మనిషికి మూడు పౌండ్లు పడుతుంది, ఎక్కువ భాగం పెంకే. తలని మెలిపెట్టి లాగి, తోక దగ్గర వేళ్లతో నొక్కితే మాంసం జారి వస్తుంది. తల చప్పరించాలి, కారమంతా అక్కడే ఉంటుంది. మిడ్ సిటీలో క్లెసీస్ మంచి చోటు. దాంట్లో సాసేజ్ కలపవద్దని చెప్పండి. ఆ కుండలోంచి వచ్చిన మొక్కజొన్న నాన్నగారికి పనికిరాదు.

రెండోది పాస్కల్స్ మనాలే, 1913 నాటిది. అక్కడ పుట్టిన బార్బెక్యూ ష్రింప్‌కి నిప్పులతో ఏ సంబంధమూ లేదు. తలలు తీయని పెద్ద రొయ్యల్ని వెన్న, బోలెడు మిరియాల పొడిలో వండి ఇస్తారు, మెడకి ఒక గుడ్డ కడతారు. పెంకు వొలిచి తింటూ, రొట్టెని ఆ గ్రేవీలో ముంచుకోవాలి. రొయ్య తలలో కొవ్వు విలువ తెలిసిన మనవాళ్లకి దీన్ని మించింది ఆ ఊళ్లో లేదని నా గట్టి నమ్మకం.

రెండింటికీ మధ్య ఎండలో తిరిగి అలసిపోతారు. మేలోనే ఉక్క మొదలవుతుంది. చాపిటూలస్ వీధిలో హ్యాన్సెన్స్ స్నో బ్లిజ్ అని 1939 నుంచి ఉన్న కొట్టు ఉంది, చలికాలం మూసేస్తారు, మేలో ఉంటుంది. వాళ్ల పెద్దాయన సొంతంగా తయారు చేసుకున్న మిషన్ మీదే ఐసు గీస్తారు. మన బండి మీద ఐస్ గోలాలా పలుకులుగా కాదు, మంచులా మెత్తగా రాలుతుంది. దాని మీద రంగు సిరప్, పైన కావాలంటే కండెన్స్‌డ్ మిల్క్. సిరప్‌లలో నెక్టర్ క్రీమ్ తీసుకోండి. క్యూలో ఓపిక పట్టాలి, నాన్నగారిని నీడలో కూర్చోబెట్టండి.

మీకు కారు ఉంటే ఒక పొద్దున్న ఊరి తూర్పు చివర డాంగ్ ఫుయాంగ్ బేకరీకి వెళ్లండి. 1975 తర్వాత వియత్నాం నుంచి వచ్చినవాళ్లు స్థిరపడ్డ పేట అది. వాళ్ల రొట్టె ఎంత బాగుంటుందంటే ఊళ్లోని హోటళ్లు కూడా కొనుక్కుంటాయి. నాన్నగారికి టోఫూ సాండ్‌విచ్ తీసుకోండి, ఫిష్ సాస్ వద్దని చెప్పండి. వారంలో సెలవు ఏ రోజో చూసుకుని బయల్దేరండి.

కమాండర్స్ ప్యాలెస్, గలటువార్స్ లాంటి పెద్ద పాత హోటళ్ల గురించి అడిగారు. బట్టల నియమాలు ఉంటాయి, నిక్కర్లు వేసుకుంటే రానివ్వరు. ఈ రెండిట్లో మీకైతే గార్డెన్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న కమాండర్స్, అదీ మధ్యాహ్నం. శాకాహార భోజనం కావాలని రెండు రోజుల ముందు చెబితే శ్రద్ధగా చేస్తారు. బ్రెడ్ పుడ్డింగ్ సూఫ్లే మీద పోసే సాస్‌లో విస్కీ ఉంటుంది, పెద్దవాళ్లకి పట్టింపు ఉంటే విడిగా తెమ్మనండి. సెయింట్ చార్లెస్ ట్రామ్ ఎక్కి వెళ్లండి, 1835 నుంచి నడుస్తున్న లైను, టికెట్ డాలరుంపావు.

మఫులెట్టా అనే సాండ్‌విచ్ మీకు పనికిరాదు, నిండా పంది మాంసమే. బార్లతో నిండిన బర్బన్ వీధి ఒకసారి పగలు నడిచి చూడండి, రాత్రి పెద్దవాళ్లతో వద్దు. ఆయిస్టర్లు తినే అలవాటుంటే పచ్చివి కాకుండా డ్రాగోస్‌లో నిప్పుల మీద వెన్న, వెల్లుల్లితో కాల్చినవి తినండి. బిల్లు మీద పన్ను దాదాపు పది శాతం, టిప్ పద్ధెనిమిది నుంచి ఇరవై, ఇది కలిపే లెక్క వేసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, మే రెండో ఆదివారం మదర్స్ డే. ఆ రోజు ఎక్కడా చోటు దొరకదు. మీ తేదీల్లో అది పడితే ఈ రోజే బుక్ చేసుకోండి, లేదా ఆ పూట సిటీ పార్క్‌లో బేన్యేలతో కానిచ్చెయ్యండి.

బస చేసే చోట వంటగది ఉండేలా చూసుకుని చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ వెంట తీసుకెళ్లండి. ఫ్రెంచ్ క్వార్టర్ మధ్యలో, రాయల్ వీధిలో రౌజెస్ సూపర్ మార్కెట్ ఉంది, తియ్యదనం కలపని పెరుగు దొరుకుతుంది. రాత్రి పదింటికి నాన్నగారికి పెరుగన్నం ఉందంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

అదే కొట్లో కెమీలియా కంపెనీ రెడ్ బీన్స్ పొట్లాలు రెండు కొనుక్కోండి. ఇంటికొచ్చాక రాత్రంతా నానబెట్టి, ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం సన్నగా తరిగి నూనెలో మెత్తబడేదాకా వేయించి, వెల్లుల్లి, బిరియానీ ఆకు, కొంచెం పొగ వాసన ఉన్న పాప్రికా పొడి వేసి ఉడికించండి. కుక్కర్‌లో పెట్టకండి, మామూలు గిన్నెలో మూడు గంటలు సన్న సెగ మీద ఉంచాలి. గింజలు పూర్తిగా మెత్తబడ్డాక వాటిలో పావు వంతుని గరిటె వెనకతో గిన్నె అంచుకి నొక్కి మెదపాలి, అప్పుడే ఆ చిక్కదనం వస్తుంది. ఉప్పు చివర్లో. హామ్ లేకుండా మా ఇంట్లో ఇలాగే చేస్తాం. మా నాన్న ఇక్కడున్న ఆరు నెలలూ సోమవారం వస్తే ఆదివారం రాత్రే గింజలు నానబోశావా అని మా ఆవిడని అడిగేవారు.